కళ్ళది కాదండీ, తెరదే తప్పు

నలభై దాటిన ఆడదానికి ఏ ఇబ్బంది వచ్చినా ఇంట్లో రెండే కారణాలు చెబుతారు. ఒకటి వయసు, రెండోది "ఊరికే ఎక్కువ ఆలోచిస్తావు". ఈ నాలుగు నెలల్లో నా మీద ఆ రెండూ వాడేశారు.

సంగతేంటంటే, కంప్యూటర్ మీద అక్షరాలు తడిచేత్తో తుడిచిన పలకలా మసగ్గా కనబడేవి. మన తెలుగు సంగతి తెలుసు కదా, ద కీ ధ కీ, ప కీ ఫ కీ తేడా కింద చిన్న గీతే. ఆ గీత కరిగిపోయేది. భార్య అని కొట్టానో బార్య అని కొట్టానో నాకే తెలిసేది కాదు. అరగంట కూర్చుంటే కణతలు లాగేవి. మెల్లగా రాయడమే మానేశాను.

"చత్వారం వచ్చిందమ్మా నీకు" అంది మా అమ్మాయి. మావారు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పవర్ కాస్త మారింది, కొత్త అద్దాలు వచ్చాయి. కొత్త అద్దాల్లోంచి అదే పాత మసక! అయినా ఎవరూ కంప్యూటర్‌ని అనుమానించలేదు. నేనూ అనుమానించలేదు, నా మీద నాకు ఇప్పటికీ కోపం అందుకే.

ఒకరోజు కందిపప్పు ఏరుతుంటే తట్టింది. ఇంత చిన్న రాయి కనబడుతోంది. సూదిలోకి దారం ఎక్కుతోంది. మరి ఆ తెర ముందుకి వెళ్ళేసరికే నా కళ్ళు ముసలివైపోతాయా?

ఆ సాయంత్రమే కూర్చున్నాను. విండోస్‌లో స్టార్ట్ దగ్గర క్లియర్‌టైప్ అని కొడితే "అడ్జస్ట్ క్లియర్‌టైప్ టెక్స్ట్" అని వస్తుంది. నొక్కితే, మీ మానిటర్ తన అసలు రిజల్యూషన్‌లో లేదు అని అదే చెప్పింది. మానిటర్‌ది 1920 x 1080. పెట్టి ఉన్నది 1366 x 768.

దీన్ని మన భాషలో చెబుతాను. తెరలో చుక్కలు అడ్డంగా 1920, అవి కదలవు. 1366 చుక్కల బొమ్మ ఇస్తే దాన్ని సాగదీసి సర్దాలి. ఇరవై ఒక్క చుక్కలు పెట్టిన వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గుని అంతటా పరిచి వేయమన్నట్టు. గీత చుక్క మీద పడదు, పక్కకి పోతుంది. పోయిన చోటల్లా తెర రంగు పులిమి సర్దుకుంటుంది. ఆ పులుముడే నా మసక.

ఎవరు మార్చారు? మావారే. "అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయండీ" అని ఒకప్పుడు నేనే అన్నాను. పాపం, ప్రేమతోనే మార్చారు, నాకు చెప్పకుండా. చెయ్యాల్సింది అది కాదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ని 'రికమెండెడ్' అన్నదాని దగ్గరే ఉంచి, పైనున్న స్కేల్‌ని 125 శాతమో 150 శాతమో చేసుకోవాలి. అక్షరం పెరుగుతుంది, అంచు చెడదు. తర్వాత క్లియర్‌టైప్ కొన్ని నమూనాలు చూపించి ఏది బాగుందో నొక్కమంటుంది, అచ్చం కళ్ళ డాక్టరు "ఇదా, అదా" అని అడిగినట్టే. కొన్ని పాత ప్రోగ్రాములు అప్పటికీ మొండికేస్తాయి, ఒకసారి సైన్ అవుట్ అయి మళ్ళీ వస్తే కొన్ని దారికొస్తాయి.

గ్రైండర్ సరిగ్గా రుబ్బకపోతే రాయి అరిగిందేమో అని చూస్తాం కానీ, నా చేతులకి వయసొచ్చింది అనుకోం కదా! కంప్యూటర్ దగ్గర మాత్రం ఎందుకో తప్పు మనదే అని ముందే ఒప్పేసుకుంటాం. ఇంట్లోవాళ్ళకీ అదే సులువు. కళ్ళ పరీక్ష వద్దనడం లేదు సుమండీ. పుస్తకంలో, ఫోన్‌లో కూడా మసకే అయితే ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళండి. తెర ఒక్కటే మసకైతే మాత్రం తెరని నిలదీయండి.

మావారు వచ్చి చూసి, "ఇంత స్పష్టంగా ఉంటుందా!" అన్నారు. కాసేపాగి, "నా ఆఫీసు లాప్‌టాప్ కూడా ఇలాగే మసగ్గా ఉంటోంది, కాస్త చూస్తావా?" అన్నారు.

చూస్తాను, ముందు మీరు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిరండి అన్నాను.