పెండ్లి లిస్టు బిడ్డల చేతికి ఇద్దాం, మొయి నోటు కూడా ఇద్దాం

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఆడి నెలలో మన ఇండ్లల్లో పెండ్లి చెయ్యం. అయితే ఆవణిలో ముహూర్తం పెట్టుకున్న ఇండ్లవాళ్ళంతా ఇప్పుడు జవుళి అంగళ్ళలోనే ఉంటారు. 'ఆడి తళ్ళుబడి' అని బోర్డు కట్టితే చాలు, లోపల నిలబడను చోటుండదు. ఆ అంగళ్ళలోనే ఇప్పుడు తగవులు కూడా మొదలవుతున్నాయి. బిడ్డలు "మా పెండ్లి మేమే ప్లాన్ చేసుకుంటాం, మాకు ఇష్టమైందే కట్టుకుంటాం" అంటారు. పెద్దలు "డబ్బు మాది, చుట్టాలు మావాళ్ళు, నీకేం తెలుసు" అంటారు. పోయిన సంఘం మీటింగులో కూడా ఇదే మాట వచ్చి, కాఫీ చల్లారిపోయేదాకా సాగింది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. లిస్టు బిడ్డల చేతికే ఇవ్వాల. కానీ లిస్టు ఒక్కటే ఇస్తే చాలదు. లెక్క పుస్తకం, మొయి నోటు కూడా కలిపి ఇవ్వాల. ఎందుకో చెప్తాం.

ఆడపిల్ల తన పెండ్లి తానే నిర్ణయించేది ఈ కాలం వింత అనే పెద్దలకు ఒక మాట. మనం ఏ ఊర్లో కూర్చుని ఈ మాట అంటున్నాం? శ్రీవిల్లిపుత్తూరులో. వరుడు ఎవరో ఆండాళ్ తానే చెప్పింది. నాచ్చియార్ తిరుమొళిలో తన పెండ్లి కలను వరసగా చెప్పింది: ఊరంతా తోరణాలు, పూర్ణకుంభాలు, పోకచెట్ల పందిరి, కొత్త కోక, చేతికి కాపు, మద్దెల, శంఖం, అమ్మి తొక్కేది, పేలాలు వేసేది, ఏనుగు మీద ఊరేగింపు. ఒక్కటీ విడవలేదు. వైష్ణవ పెండ్లిండ్లల్లో ఈరోజుకూ ఆ పాటలు పాడతారు. మన ఊరి ఈ కథనే కృష్ణదేవరాయలు తెలుగులో ఆముక్తమాల్యదగా రాశారు. తమిళ మీడియంలో చదివిన మనబోటి వాళ్ళకు మొదటిది బడిలోనే తెలిసింది, రెండోదాని పేరు తల నెరిసినాక తెలిసింది. ఏటా పంగుని ఉత్తరానికి ఆమె తిరుకల్యాణం చూసి కండ్లకు అద్దుకుంటాం, ఇంట్లో బిడ్డ చీర రంగు చెప్తే మాత్రం కోపం తెచ్చుకుంటాం. ఇది న్యాయం కాదు.

అయితే ఒక తేడా ఉంది. కలలో జరిగిన పెండ్లికి బిల్లు రాదు. మన ఇంటి పెండ్లికి వస్తుంది.

మేము రైల్వేలో గుమాస్తాలుగా ఉన్న కాలంలో, బిడ్డ పెండ్లికని పి.ఎఫ్.లో డబ్బు తీసే అర్జీలు మా టేబుల్ మీదికి వచ్చేవి. "ఎంత ఖర్చు అవుతుందని అనుకున్నారు?" అని అడిగితే, "ఎంత తీయను వీలైతే అంత తీసేయండి సార్" అనేవాళ్ళే ఎక్కువ. అంటే ఖర్చు చూసి డబ్బు తీసేది కాదు, దొరికే డబ్బు చూసి ఖర్చు పెంచేది. ముప్పై ఏండ్లు డ్యూటీ చేసి దాచింది మూడు రోజుల్లో పోయేది. అందుకే మొదటి షరతు: తేదీ పెట్టకముందే మొత్తం ఎంత అని ఒక అంకె రాయాల. రెండు ఇండ్లవాళ్ళు, పెండ్లి చేసుకునే ఇద్దరు, అందరూ కూర్చుని రాయాల. సంపాదించే బిడ్డలు తమ వంతు ఎంతో చెప్పాల. దాని కింద లిస్టు వాళ్ళ ఇష్టం.

ఇప్పుడు అంగళ్ళ సంగతి. మనవాళ్ళు పెండ్లి అంటే వ్యాను మాట్లాడుకుని మదురై పోతారు, ఇంకొందరు రైలెక్కి చెన్నై టి.నగర్ పోతారు. పోయేది తప్పనడం లేదు. మన చుట్టూ ఏముందో ఒకసారి చూసి పోండి అంటున్నాం. పెండ్లి పత్రిక శివకాశిలో అచ్చవుతుంది, బయటి ఊర్ల వాళ్ళు కూడా వచ్చి అచ్చు వేయించుకుని పోతారు. పప్పు, నూనె, మిరపకాయలకు విరుదునగర్ వ్యాపారులు ఉన్నారు. సేవుకు సాత్తూరు ఉంది. మన ఊరి పాల్కోవాకు 2019లో, కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అన్నీ ఒక పూటలో పోయి వచ్చే దూరం.

తాంబూలం సంచిలో ఏం పెట్టాల అని ఇంట్లో పెద్ద చర్చ నడుస్తుంది. ప్లాస్టిక్ డబ్బా, దాని మీద పేర్లు, దాన్ని చుట్టను ఇంకో ప్లాస్టిక్. ఆ డబ్బా ఆరు నెలల్లో మూత పోయి అటక ఎక్కుతుంది. దానికి బదులు ఒక కొబ్బరికాయ, ఒక కడలై మిఠాయి ప్యాకెట్టు మంజప్పైలో పెట్టి ఇవ్వండి. వేరుశెనగ, బెల్లం ముసలివాళ్ళూ తింటారు, పిల్లలూ తింటారు. మంజప్పై చేతిలో ఉంటే పల్లెటూరోడు అని నవ్విన కాలం ఒకటి ఉండేది. 2021లో ప్రభుత్వమే మళ్ళీ మంజప్పై పట్టుకోండని ప్రచారం మొదలుపెట్టింది. మనం సిగ్గుపడనక్కర లేదు.

బట్టల దగ్గర బిడ్డల మాటే సరి అని మాకు తోస్తుంది. వాళ్ళు అడిగేది ఏమంటే, పెండ్లి రోజు కట్టింది ఆ తర్వాత కూడా కట్టుకోవాల అని. లెక్క వేసి చూడండి. నలభై వేల చీర జీవితంలో రెండుసార్లు కడితే ఒక్కసారికి ఇరవై వేలు. మూడు వేల చీర ముప్పైసార్లు కడితే ఒక్కసారికి నూరు. ముహూర్తానికి ఒక పట్టు చీర ఉండనీ, ఎవరూ వద్దనరు. మిగిలిన సాంగ్యాలకు మన ఊర్లో, సుందరపాండియంలో నేసే నూలు చీర, మదురై సుంగుడి ఎందుకు కాకూడదు? వైగాసి ఎండలో, ఫ్యాను తిరగని మండపంలో, నూలు కట్టిన పిల్ల ముఖంలోనే నవ్వు నిలబడుతుంది. మగపిల్లలకూ అంతే. ఒక్కరోజు అద్దె షేర్వాణీ కన్నా, రేపు ఆఫీసు పండగకూ గుడికీ కట్టుకునే వేష్టి, చొక్కా మేలు. జాకెట్టు కుట్టేది మన వీధి టైలరుకే ఇవ్వండి. బిగుతైతే మరునాడే పోయి వదులు చేయించుకోవచ్చు, టి.నగర్‌కు మళ్ళీ ఎవరు పోతారు?

మన ఊరు కదా అని కన్ను మూసుకుని కొనమని కాదు. తెలిసిన అంగడి అని బిల్లు లేకుండా నగ కొనేది మానాల. 2023 ఏప్రిల్ 1 నుంచి బంగారు నగ మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్.యు.ఐ.డి. గుర్తు తప్పనిసరి. ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ గుర్తు కొట్టి చూడొచ్చు. ఇది చేసేది బిడ్డలకే బాగా వచ్చు. పట్టుకు సిల్క్ మార్క్ చీటీ అడగండి. అడిగితే కోపపడే అంగడి నుంచి బయటికి వచ్చేయండి.

ఇంక అసలు సంగతి, మొయి. పెండ్లి చిన్నగా చేద్దాం, నూరుమంది చాలు అని బిడ్డలు అంటే నాయనకు ఎందుకు గుండె దడ? గొప్ప కోసం అని మాత్రమే అనుకోవద్దు. ఇరవై ముప్పై ఏండ్లుగా ఆయన ఊరంతా మొయి రాసి ఉంటాడు. అది నోటులో ఉండే బాకీ. అందరినీ పిలిస్తేనే అది తిరిగి వస్తుంది. నూరుమందితో ముగిస్తే పోయింది పోయినట్టే. ఇది బిడ్డలకు ఎవరూ విప్పి చెప్పరు, "నీకేం తెలుసు" అనే ఒక్క మాటతో సరిపెడతారు.

బిడ్డలు కూడా ఇంకో వైపు చూడాల. పెండ్లిలో వచ్చే మొయి బహుమానం కాదు. రేపు ఆ ఇంట్లో కార్యం వస్తే, రాసినదానికి పైన కొంచెం కలిపి తిరిగి రాయాల. మొయి డబ్బు కొత్త కాపురానికి పోయి, తిరిగి రాసే భారం మాత్రం పెన్షను మీద బతికే నాయన మీద పడితే, అది ప్లాన్ చేసుకున్న పెండ్లి కాదు. అందుకే రెండో షరతు: డబ్బు ఎవరు తీసుకుంటే నోటు వాళ్ళే తీసుకోవాల. మొయి వద్దంటే పత్రికలోనే స్పష్టంగా అచ్చు వేయాల, నాయన రాసింది పోతుందని ఆయనతో ముందే మాట్లాడి ఒప్పించాల. రెండూ మర్యాదే. నోరు తెరవకుండా ఉండేదే మర్యాద కాదు.

కాగితాల పని కూడా బిడ్డలదే. 2009 చట్టం ప్రకారం తమిళనాడులో ప్రతి పెండ్లీ రిజిస్టరు చెయ్యాల, 90 రోజుల లోపల. ఇంకో లిస్టు ఉంది, మనవాళ్ళు చాలామంది వినను కూడా లేదు. 1961 వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం, పెండ్లికి వచ్చిన బహుమానాలకు లిస్టు రాయాల. ఏ వస్తువు, సుమారు విలువ, ఎవరు ఇచ్చారు, వాళ్ళు ఏ చుట్టరికం అని రాసి, ఇద్దరూ సంతకం పెట్టాల. పిల్లకు వచ్చినవాటి లిస్టు పిల్ల దగ్గరే ఉండాల. మేనమామ సీరుతో సహా అన్నీ రాయండి. అడిగి పుచ్చుకునే కట్నం లిస్టులో రాసినా నేరమే, రాయకపోయినా నేరమే.

సంఘానికి మా మనవి రెండే. ఆవణి ముహూర్తాలు మొదలయ్యే లోపల ఒక ఆదివారం సాయంత్రం పెండ్లి కుదిరిన బిడ్డలను, వాళ్ళ తల్లిదండ్రులను కలిపి కూర్చోబెట్టండి. లెక్క వేసే ఫారం ఒకటి మేము తయారు చేసి ఇస్తాం, గుమాస్తా పని మాకు ఇంకా మరిచిపోలేదు. రెండోది, మన జిల్లాలో నేసేవాళ్ళు, కుట్టేవాళ్ళు, వంట మాస్టర్లు, నాదస్వరం వాళ్ళు ఎవరెవరో ఒక పట్టీ రాసి ఆఫీసు గోడకు అంటించండి. ఏం కొనాల, ఎంతమందిని పిలవాల అని బిడ్డలే తేల్చుకుంటారు. వాళ్ళు అడిగినప్పుడు మొయి నోటు తెరిచి చూపించేది మన పని.

ఒప్పుకోని వాళ్ళు కింద రాయండి, మాట్లాడుకుందాం.