నేర్పని పనికి బాధ్యులెవరు?

భవానీపురం, వించిపేట, విద్యాధరపురం వీధుల నుండి పటమట, లబ్బీపేట అపార్ట్‌మెంట్లకు ఆయా పనికి వెళ్లే మహిళలలో మన సముదాయానికి చెందినవారు కూడా ఉన్నారు. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడగా ఒంటరిగా మిగిలిన వృద్ధులకు వీరే తోడు. పనిలో పెట్టేటప్పుడు ఏజెన్సీ చెప్పేది ఒకటే: "పెద్దావిడను కనిపెట్టుకుని ఉండాలి, వేళకు అన్నం పెట్టాలి." వారం తిరక్కముందే ఆ పని రూపు మారుతుంది. ఇన్సులిన్ సూది వేయమంటారు. ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోయమంటారు. పక్షవాతం వచ్చిన మనిషిని ఒక్కదానినే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టమంటారు. నేర్పేవారు ఉండరు. "నర్సు చేస్తుంటే చూశావు కదా" అన్నదే శిక్షణ.

ఈ పనులు చూడటానికి సులువు. చేయటంలో ప్రాణాపాయం ఉంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాలలో దొరుకుతాయి. మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది మరొకటి. దేని సిరంజి దానికే. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజిలో గీత చూసి ఎక్కిస్తే రోగి ఒంట్లోకి వెళ్లేది రెండున్నర రెట్లు. చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. ముక్కు గొట్టం చోటు తప్పితే పోసిన పాలు ఊపిరితిత్తులలోకి చేరతాయి. ఇవేవీ ఊహతో తెలిసేవి కావు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పవలసినవి.

జరగరానిది జరిగితే నింద ఎవరి మీద పడుతుంది? 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే అయిదేళ్ల వరకు జైలు. అదే రిజిస్టరు అయిన వైద్యుడు చికిత్స చేస్తుండగా జరిగితే రెండేళ్ల వరకే. అంటే చదువు, శిక్షణ, లైసెన్సు ఉన్న వైద్యునికి ఉన్న వెసులుబాటు, ఏమీ నేర్పకుండా సూది చేతికిచ్చిన ఆయాకు లేదు.

ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగికి జాబ్ చార్టు ఉంటుంది. తన పరిధి దాటిన పని చెప్పినప్పుడు గుమాస్తా సైతం రాతపూర్వక ఆదేశం అడుగుతాడు. సీలు, సంతకం లేని కాగితం విషయంలోనే ఇంత జాగ్రత్త ఉన్నప్పుడు, మనిషి ప్రాణం విషయంలో నోటిమాట సరిపోతుందా?

కాదనే ధైర్యం వారికి లేకపోవడానికి కారణం స్పష్టమే. కాదంటే మర్నాడు ఏజెన్సీ మరొకరిని పంపుతుంది. ఇంటి పనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను మన దేశం ఇప్పటికీ ధ్రువీకరించలేదు. వీరి రక్షణకు చట్టపరమైన ఏర్పాటును పరిశీలించడానికి కమిటీ వేయాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించవలసి వచ్చింది.

రాత్రింబవళ్లు నర్సును పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదన్నది నిజమే. అయితే ఆసుపత్రి నుండి రోగిని ఇంటికి పంపేరోజు ఇంటివారికి చెప్పే జాగ్రత్తలు ఆయాకు కూడా చెప్పించడానికి ఖర్చు కాదు. సూది, గొట్టం వంటి పనులకు రోజుకొకసారి నర్సును పిలిపించుకోవచ్చు. ఏజెన్సీలు చేయవలసిన పనులు, చేయకూడని పనులు కాగితం మీద రాసి ఇరుపక్షాలకూ ఇవ్వాలి. శిక్షణ లేకుండా పని చెప్పిన ఏజెన్సీనే బాధ్యురాలిని చేసేలా కార్మిక శాఖ నిబంధన తేవాలి.

మన వంతు కూడా ఉంది. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అనే కోర్సులు నైపుణ్య శిక్షణ పథకాలలో ఉన్నాయి. మసీదు కమిటీలు, మహిళా సంఘాలు పూనుకుని వాటి వివరాలు ఇంటింటికీ చేర్చాలి. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం ద్వారా వచ్చిన 4 శాతం రిజర్వేషన్ మన ఆడపిల్లలను నర్సింగ్ కళాశాలల వైపు నడిపించాలి. తల్లి ఆయాగా వెళ్లిన ఇంటికి కూతురు నర్సుగా వెళ్లగలగాలి.

అంతవరకు ప్రతి సోదరికీ మేము చెప్పేది ఒకటే. "ఈ పని నాకు నేర్పలేదు, నేర్పిస్తే చేస్తాను" అనడం ధిక్కారం కాదు. ఆ మాట ముందుగా కాపాడేది మంచంలో ఉన్న మనిషినే.