అప్పు లేని అలంకారం

గత ఏడాది రమజాను మాసానికి రెండు నెలల ముందు మాట. మగ్రిబ్ నమాజు ముగించి జానమాజు మడుస్తుండగా తలుపు చప్పుడైంది. చూస్తే పై అంతస్తు సోదరి. కడప జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి స్థిరపడిన కుటుంబం వారిది. భర్త ఆటో నడుపుతారు. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. అత్తగారు, కాలేజీలో చదివే కూతురు, ఇద్దరు కొడుకులు. రెండు గదులు, ఒక వంటిల్లు, మూడడుగుల వెడల్పు బాల్కనీ. నగరాలలో మనలో చాలామంది సంసారాలు ఇటువంటి కొలతల్లోనే సాగుతున్నాయి.

"ఆపా, మీ వారిని ఒక్క జామీను సంతకం పెట్టమని అడుగుతారా?" అన్నది తల దించుకుని.

సంగతి ఇది. అమ్మాయిని చూడడానికి వరుని తరఫు వారు మూడు వారాల్లో రానున్నారు. వారిని కూర్చోబెట్టడానికి ఇంట్లో సోఫా లేదు. ఒక దుకాణంలో వాయిదాల మీద ఇస్తామన్నారట. ధర 36 వేలు. నెలకు 3,500 చొప్పున ఏడాది పాటు చెల్లించాలి. అంటే మొత్తం 42 వేలు. పైనున్న ఆ 6 వేలు దేనికని నేను అడగలేదు. అది వడ్డీ అని ఆమెకూ తెలుసు. అందుకే తల ఎత్తలేకపోయింది.

"సంతకం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ గది చూపించమ్మా" అని ఆమె వెంట మెట్లెక్కాను.

ముందు గది పొడవు పదకొండు అడుగులు, వెడల్పు పది. కుట్టుపనికి వాడే టేపు తీసుకుని, పాత వార్తాపత్రికలను సోఫా కొలతల ప్రకారం నేల మీద పరిచాము. మూడు సీట్ల సోఫాకు ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల లోతు. విడి సీట్లు రెండింటికి మూడేసి అడుగుల చతురస్రాలు. పరిచి చూస్తే వంటింటి తలుపు సగమే తెరుచుకున్నది. గదిలో మూడో వంతు కాగితాల కిందికి పోయింది. అత్తగారు ఇషా నమాజు ఎక్కడ చేయాలో ఎవరికీ తోచలేదు. అంతసేపూ మౌనంగా ఉన్న అమ్మాయి ఫక్కున నవ్వింది. "సోఫా వస్తే మనం బయట నిలబడాలమ్మా!" అన్నది. ఆ నవ్వుతో సంతకం ప్రసక్తి ముగిసింది.

ప్రియ సోదరీమణులారా! ఏ పెద్ద వస్తువునైనా కొనే ముందు ఈ కాగితాల పరీక్ష తప్పక చేయండి. దుకాణంలోని విశాలమైన గదిలో వస్తువు చిన్నదిగా కనిపిస్తుంది. మన ఇంటికి వచ్చాకే దాని అసలు పరిమాణం తెలుస్తుంది.

ఆ తర్వాతి మూడు వారాలు మేము చేసిన పనులను ఇక్కడ వివరిస్తున్నాను. వీటిలో చాలా వాటికి డబ్బు కంటే ఒక ఆదివారం, రెండు చేతులు ఎక్కువ అవసరం.

మొదటి పని అలంకరించడం కాదు, ఖాళీ చేయడం. ముందు గదిలోని ప్రతి వస్తువునూ బాల్కనీలోకి, లోపలి గదిలోకి చేర్చి, గదిని కడిగాము. తర్వాత వస్తువులను మూడు కుప్పలు చేశాము: రోజూ వాడేవి, ఏడాదికి ఒకటి రెండు సార్లు వాడేవి, వాడనివి. మూడో కుప్పలో కొన్ని ఇతరులకు పనికొచ్చే వస్తువులు దొరికాయి. అవి అవసరమున్న ఇళ్లకు చేరాయి. రెండో కుప్ప ట్రంకు పెట్టెల్లో సర్దుకుని మంచం కిందికి వెళ్లింది. మొదటి కుప్ప మాత్రమే తిరిగి గదిలోకి వచ్చింది. పైసా ఖర్చు లేకుండానే గది పెరిగినట్టయింది.

రెండవది వెలుతురు. బాల్కనీ తలుపుకు ముదురు గోధుమరంగు తెర ఉండేది. దాన్ని తీసి, అత్తగారి పాత నూలు చీర ఒకటి వెతికాము. చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. సగానికి కత్తిరిస్తే ఏడడుగుల తలుపుకు రెండు తెరలు వస్తాయి. మడతకు కూడా గుడ్డ మిగులుతుంది. చీర అంచులు తెరకు రెండు పక్కలా నిలువు చారల్లా నిలుస్తాయి. కొంగు ఒక తెర అడుగున పడుతుంది. తెర కడ్డీని ద్వారబంధం మీద కాక, కప్పుకు దగ్గరగా, తలుపు కంటే అటూ ఇటూ అరడుగు వెడల్పుగా బిగించాము. అలా చేస్తే తెర పక్కకు జరిపినప్పుడు తలుపు మొత్తం వెలుతురునిస్తుంది, గోడ కూడా ఎత్తుగా కనిపిస్తుంది.

తలుపుకు ఎదురుగా ఉన్న గోడ ఒక్కదానికే, ఇంటి యజమాని అనుమతితో, తెలుపు రంగు వేశాము. ఆ గోడకే ఒక నిలువుటద్దం ఆనించాము. పాత ఇనుప బీరువా తలుపు నుంచి ఊడదీసిన అద్దమది. గురువారాల్లో జరిగే జుమేరాత్ బజారులో అయిదు వందలకు దొరికింది. అద్దం జారకుండా కింద చెక్కపట్టీ, పైన కొక్కెం తప్పనిసరి. చిన్నపిల్లలున్న ఇళ్లలో గోడకు గట్టిగా బిగించడమే మేలు. నమాజులో ముఖం తిప్పే పడమటి గోడకు మాత్రం అద్దం పెట్టలేదు. ఆరాధనలో నిలబడినవారి చూపు తమ ప్రతిబింబం మీదికి పోకూడదు కదా!

మూడవది కూర్చునే ఏర్పాటు. అత్తగారి చెక్కమంచం ముందు గదిలోనే ఉండేది. కానీ దాని మీద ఎప్పుడూ కుట్టవలసిన బట్టల గుట్ట. గుట్టను అల్మారాలోకి పంపించి, మంచాన్ని గోడకు చేర్చి, మీద తెల్లని దుప్పటి పరిచాము. కుట్టుపనిలో మిగిలిన ముక్కల సంచి విప్పితే అందులో పట్టు, వెల్వెటు, పూల నూలు, అన్నీ ఉన్నాయి. వాటిని జతచేసి ఆమె నాలుగు గావ్‌తకియాలు కుట్టింది. ఏ రెండూ ఒకలా లేవు. అసలు అందం అక్కడే ఉంది. పగలు అది అతిథుల ఆసనం, రాత్రి పెద్దావిడ పడక.

ఇక్కడ ఒక విషయం గుర్తుకొస్తున్నది. హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తమ గదిలోని గూటికి బొమ్మలున్న తెర కట్టారని, ప్రయాణం నుంచి తిరిగివచ్చిన దైవప్రవక్త (సఅసం) దాన్ని ఇష్టపడలేదని, అప్పుడామె ఆ తెరను కత్తిరించి దిండ్లుగా కుట్టారని హదీసు గ్రంథాలలో ఉంది. ఆ హదీసును మనం సాధారణంగా చిత్రాల సమస్య గురించి చర్చించేటప్పుడే తలచుకుంటాము. ఒక గృహిణిగా నాకు అందులో మరో సంగతి కూడా కనిపిస్తుంది. ఆ తల్లి గుడ్డను పారవేయలేదు. దానికి మరో ఉపయోగం కల్పించారు.

నేల మీదికి అటక మీదున్న పాత జంపఖానా దిగింది. ఇంట్లో లేనివారు, కొనక తప్పనివారు వరంగల్ జంపఖానాల గురించి ఆలోచించవచ్చు. నూలుతో నేసినవి కావడం వల్ల మన ఎండలకు హాయిగా ఉంటాయి, చుట్టి మూల పెట్టవచ్చు. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. అక్కడి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. జంపఖానా మీద దస్తర్‌ఖాన్ పరిస్తే అదే భోజనాల గది. ఎత్తివేస్తే అదే పిల్లల చదువుల గది. భోజనపు బల్లకు ఆ వెసులుబాటు ఉండదు.

ఇక నాలుగవది, అమ్మాయి ఎంతో ఉత్సాహంగా చేసిన పని: వింత వస్తువులకు కొత్త బతుకు. గోడలో తలుపుల్లేని సిమెంటు అల్మారా ఒకటుంది. పై మూడు అరల్లో ఆ బట్టల గుట్టను సర్ది తెర కట్టాము. కింది అర లోపలి భాగానికి మాత్రం ముదురు నీలం రంగు వేశాము. ఆ నీలం మీద ఏ వస్తువు పెట్టినా వెలిగిపోతుంది. అందులో అత్తగారి ఇత్తడి పాన్‌దాన్ కొలువుదీరింది. సున్నం, కాచు, వక్కల కోసం చేసిన దాని చిన్న గిన్నెలు ఇప్పుడు సూదులకు, గుండీలకు, తాళంచెవులకు ఇళ్లయ్యాయి. దాని జత ఉగాల్‌దాన్‌ను ఏం చేయాలో తోచలేదు. చింతపండుతో తోమి, మరిగే నీళ్లతో కడిగితే బంగారంలా మెరిసింది. వెడల్పాటి మూతి, సన్నని నడుము. నేలసంపెంగ కాడలు నిలపడానికి అంతకంటే మంచి పాత్ర దొరకదు! "ఉమ్మి వేసే దానిలో పూలా?" అని పెద్దావిడ రెండు రోజులు గొణిగారు. మూడో రోజు పూల నీళ్లు ఆవిడే మార్చారు.

ఖాళీ డాల్డా డబ్బాలకు అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మిగిలిన నీలం రంగు పూసి, బాల్కనీ కమ్మీకి వరుసగా కట్టాము. పుదీనా ఆకులు గిల్లుకున్నాక మిగిలిన కాడలను గుచ్చితే కొద్ది రోజుల్లోనే చిగురించాయి. గాజు సీసాలో మనీప్లాంటు పెట్టేవారు మాత్రం నీటిని మూడు నాలుగు రోజులకొకసారి మార్చండి. లేకపోతే అలంకారంతోపాటు దోమలనూ పెంచినవారవుతారు.

ఒక హెచ్చరిక. వింత వస్తువు గదికి ఒకటో రెండో ఉంటేనే కంటికి ఆనుతుంది. పది పెడితే అది పాత సామాను కొట్టు. కొత్తది ఏదైనా గదిలోకి వచ్చిన రోజున పాతది ఒకటి బయటికి వెళ్లాలని నియమం పెట్టుకోండి.

చివరిగా గోడ. అద్దె ఇంట్లో మేకులు కొట్టడానికి వీలుండదు. ఉన్న రెండు మేకుల మధ్య చెక్కపట్టీ ఒకటి కట్టి, దానికి దారాలు వేలాడదీశాము. అమ్మాయి తన చేత్తో రెల్లు కలంతో బిస్మిల్లాహ్ రాసింది. టీ డికాక్షనులో ముంచి ఆరబెట్టిన కాగితం మీద ఆ నల్లని అక్షరాలు ముచ్చటగా నిలిచాయి. ఒక మూల కొద్దిగా వంకర పోయింది. మళ్లీ రాస్తానంటే నేనే వద్దన్నాను. అచ్చులో దొరికేవి ఎన్నైనా ఉంటాయి, ఆ వంకర ఉన్నది వారింట్లో మాత్రమే ఉంటుంది. దైవనామం రాసిన కాగితాన్ని చెప్పుల అల్మారా పైన, స్నానాల గది గోడకు మాత్రం ఎప్పుడూ తగిలించకండి.

ఆ పని జరుగుతున్నప్పుడే అమ్మాయి నెమ్మదిగా అన్నది: "ఖాలా, కాలేజీలో చేరి రెండేళ్లయింది. నా స్నేహితురాళ్లను ఒక్కసారి కూడా ఇంటికి పిలవలేదు." ఎందుకని అడిగితే సమాధానం చెప్పలేదు. గదిని ఒకసారి చూసి మళ్లీ కలం అందుకున్నది. తల్లి కుట్టుమిషను ఆపి, తిరిగి మొదలుపెట్టింది.

ఇక లెక్క. అద్దం 500, గోడ రంగు రెండు లీటర్లు 700, దిండ్లకు దూది 600, తెర కడ్డీలు 350, నీలం ఎనామిల్ రంగు 150, మట్టి, మొక్కలు 200. మొత్తం రూ. 2,500. ఒక నెల వాయిదా కంటే వెయ్యి రూపాయలు తక్కువ.

అనుకున్న రోజున వరుని తరఫు వారు వచ్చారు. ఆడవారు మంచం మీద, జంపఖానా మీద గావ్‌తకియాలకు ఆనుకుని కూర్చున్నారు. వారిలో ఒక పెద్దావిడ నీలం గూటి వైపు కాసేపు చూసి నవ్వారు. "మా నానమ్మ ఇంట్లో ఇది మంచం కింద ఉండేది. ఇక్కడ సింహాసనం ఎక్కిందే!" అన్నారు. అందరూ నవ్వారు. మాటలు కలిశాయి.

ఆ సంబంధం మాత్రం కుదరలేదు. వారికి పెళ్లి తొందర, అమ్మాయికి డిగ్రీ పూర్తి చేయాలని పట్టుదల. తప్పు ఎవరిదీ కాదు, నొచ్చుకున్నవారూ లేరు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు మా వారు సంతకం పెట్టి ఉంటే, వెళ్లిపోయిన అతిథుల కోసం తెచ్చిన సోఫాకు ఆ ఇల్లు ఏడాది పాటు వాయిదాలు కడుతూ ఉండేది. ఆటో చెడిపోయిన నెలలోనూ కట్టేది. పిల్లల ఫీజులు కట్టే నెలలోనూ కట్టేది. చూడవచ్చేవారి కోసం సింగారించిన ఇంటిలో, రోజూ ఉండేవారికి చోటు లేకపోయేది.

మనకు దుబారాను నిషేధించిన ధర్మమే శుభ్రతను, అతిథి మర్యాదను కూడా నేర్పింది. ఈ మూడూ ఒకే గదిలో ఇముడుతాయి. అందుకు గది పెద్దదే కానక్కరలేదు.

రమజానులో ఒక సాయంత్రం ఇఫ్తారుకు ముందు పళ్లెంలో కాసిని పండ్లు పెట్టుకుని పైకి వెళ్లాను. వారి గుమ్మం ముందు ఎన్నడూ లేనంతగా ఆడపిల్లల చెప్పులు. లెక్కపెడితే ఆరు జతలు. లోపల దస్తర్‌ఖాన్ చుట్టూ అమ్మాయి స్నేహితురాళ్లు. ఒక పిల్ల ఉగాల్‌దాన్ కథ చెప్పించుకుంటున్నది. పెద్దావిడ తానే చెబుతున్నారు. పళ్లెం గుమ్మం దగ్గరే తల్లి చేతికిచ్చాను. ఆమె ఏదో అనబోయింది. అంతలో మసీదు నుంచి అజాన్ వినిపించింది.