ఎంసీబీ పడిందంటే ఎర్ర సిగ్నల్ పడినట్టే! దాటి వెళ్లొద్దు!

ఖరగ్‌పూర్ తెలుగు అన్నలారా, అక్కలారా, అమ్మలారా!

మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వర్క్‌షాపులోనో, యార్డులోనో, లైను మీదో చెమటోడ్చిన కుటుంబాలు మనవి. ఎర్ర సిగ్నల్ పడితే బండి ఆగాలని మన ఇళ్లలో పసిపిల్లకైనా తెలుసు. యాక్సిల్ వేడెక్కిన వ్యాగన్‌ని కట్ చేసి పక్కన పెడతారే గాని, ‘పోనీలే’ అని పంపరు.

మరి ఇంట్లో మనం చేస్తున్నదేమిటి?

రాత్రి ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడి కరెంటు ఆపే స్విచ్) పడితే తిట్టుకుంటూ పైకి లేపుతాం. మళ్లీ పడితే మళ్లీ లేపుతాం. మూడోసారి పడితే ‘పెద్దది వేసెయ్’ అని 16 ఆంపియర్ల చోట 32 బిగించేస్తాం. పాత క్వార్టర్లలో ఫ్యూజు కొట్టేస్తే లావు తీగ చుట్టేస్తాం. ఇది ఎర్ర సిగ్నల్ అద్దానికి పచ్చరంగు పూయడం కాదా?

లెక్క మీరే వేసుకోండి!

ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 1600 వాట్లు. ఇండక్షన్ పొయ్యి 2000. ఇస్త్రీ పెట్టె 1000. మొత్తం 4600. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే 20 ఆంపియర్లు. 16 ఆంపియర్ల లైను మీద ఈ మూడూ కలిసి చాలాసేపు నడిస్తే ఎంసీబీ పడొచ్చు. దాని పని అదే.

ఎంసీబీ మార్చినా గోడలో తీగ పాతదే. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, ఒక టీవీ ఉన్న రోజుల్లో వేసిన తీగ. 16కి తగిన తీగలో 32 పారితే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. అయినా 32 ఎంసీబీ కిమ్మనదు. పైపు లోపల తీగ తొడుగు ఉడికిపోతుంది. మనం ఏసీ గదిలో తలుపులేసుకుని నిద్రపోతుంటాం!

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇల్లు అంటుకుని 17 మంది పోయారు. అందులో పసిపిల్లలున్నారు. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ఆ ఇంటి నుంచి బయటికి దారి ఇరుకు. మన అపార్ట్‌మెంట్లలో చూడండి: మెట్ల కిందే మీటర్లు, మీటర్ల పక్కనే స్కూటర్లు, పైకైనా కిందికైనా దారి అదొక్కటే.

ఇవాళే చేయాల్సినవి:

1. ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉన్నా, బోర్డు నల్లబడినా, కాలిన వాసన వచ్చినా స్విచ్ ఆపి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వాడొద్దు.
2. ఇండక్షన్, గీజరు, ఇస్త్రీ పెట్టె ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించొద్దు. 6 ఆంపియర్ల సాకెట్ మోసేది అన్నీ కలిపి 1380 వాట్లే.
3. గీజరు నడిచేటప్పుడు ఇస్త్రీ ఆపండి. ఇందులో పైసా ఖర్చు లేదు.
4. ఏసీకి, గీజరుకి బోర్డు నుంచి విడివిడిగా లైన్లు లాగించండి. తీగను బట్టే ఎంసీబీ.
5. ఎంసీబీ కాపాడేది తీగని. మనిషిని షాక్ నుంచి కాపాడేందుకు, కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ కావాలి.
6. మంట లేస్తే నీళ్లు కొట్టొద్దు. వీలైతే మెయిన్ ఆపి, అందరూ మెట్లు దిగి, 101కి ఫోన్ చేయండి.

ఇంటి ఓనర్లకు ఒక మాట: రంగులు వేయించే ముందు వైరింగ్ చూపించండి. క్వార్టర్లలో ఉండేవాళ్లకు: కంప్లైంట్ నోటితో చెప్పి ఊరుకోవద్దు, రాసిచ్చి నంబరు తీసుకోండి. కొత్తగా ఏసీ కొన్నవాళ్లకు: కరెంటు బిల్లులో శాంక్షన్ లోడు చూసుకోండి, చాలకపోతే పెంచమని దరఖాస్తు పెట్టండి.

ఈ ఆదివారం ఉదయం 9 గంటలకు మథురాకాటి, నిమ్‌పురా, మలంచ, ఖరీదా, ఇందా, ఎక్కడివాళ్లు అక్కడే, మీ మీటర్ల దగ్గరికి ఇంటికొకరు రండి! మెట్ల కింద సామాను తీసేద్దాం! ఏ ఇంటి ఎంసీబీ ఎంతో, లోపల తీగ ఎంతో కాగితం మీద రాసుకుందాం! తేడా ఉన్న ఇళ్లకు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని అందరం కలిసి పిలిపిద్దాం, ఖర్చు పంచుకుందాం!

చదివాక ఈ కాగితం పక్కింట్లో ఇవ్వండి. తెలుగు రాని బెంగాలీ, ఒడియా, హిందీవాళ్లకు నోటితో చెప్పండి. వాళ్లకీ మనకీ దిగే మెట్లు ఒకటే.

ఇట్లు,
మీ ఇరుగుపొరుగు