కూలి యెంత?



గడచిన డిసెంబరు నెలలో మా గార్లదిన్నె మహిళాసంఘమువారు ఒక చిన్న సభ చేయ దలచిరి. డిసెంబరు 3వ తేదీని వికలాంగుల దినముగా ఐక్యరాజ్యసమితి 1992లో నిర్ణయించినది గదా. ఆ దినమున, మేధోవైకల్యముగల వారికి పని యిచ్చినవారి నొకరిని పిలిచి శాలువ కప్పవలెనని వారి యుద్దేశము. ఎవరిని పిలువవలెనన్న ప్రశ్న రాగా నలుగురును మా పేరే చెప్పిరి. సంతోషము కలుగలేదన్నచో అబద్ధమగును. ఏ చీర కట్టుకొనవలెనో కూడ ఆలోచించితిమి.

కారణమిది. మాకు పెనకచెర్ల దారిని కొంచెము మెట్టచేను కలదు. ఏటేట విత్తనపు బుడ్డలు ఇంటనే ఒలిపింతుము. మిషనులో ఒలిచిన గింజలు చాల భాగము పగులును, పైపొర లేచిపోవును; అట్టి విత్తనమును నమ్మి వాన కెదురుచూచుట మా సీమలో ఎవరికిని ధైర్యము చాలదు. కావున చేతిపని తప్పదు. ఆ పనికి వచ్చు ఆడువారిలో మా వీధి చివర నుండు ఒక వితంతువు కూతురును ఒకతె. వయస్సు 22 ఏండ్లు. పుట్టుకతోనే మేధోవైకల్యము గలది. పూర్వము బుద్ధిమాంద్య మనెడివారు. వీధిలోనివారు మాత్రము పిచ్చిది అందురు. అది పిచ్చి కాదు. పిచ్చి నడుమ వచ్చు జబ్బు, మందులతో నయము కావచ్చును. ఇది జబ్బే కాదు. ఎదుగుదల నెమ్మదిగా సాగుట. ఈ భేదము తెలియక ఆ పిల్లను తాయెత్తులకు ఎన్ని ఊళ్లు తిప్పిరో చెప్పలేము.

రెండేండ్లుగా ఆమె మా యింట బుడ్డలు ఒలుచుచున్నది. మధ్యాహ్నము అన్నము పెట్టుదుము, ఉగాదికి ఒక పాత చీర యిత్తుము. ఇందుకే మా పేరు.

సభకు నాలుగు దినములు ముందు ఆమె తల్లి మా పంచలోనికి వచ్చి నిలుచుండి, "అమ్మా, మీకు సన్మానం చేస్తారంట గదా, శానా సంతోషం. అట్లే మా పాపకు కూలి ఎంత కట్టినారో చెప్పండమ్మా, బ్యాంకులో వేస్తాను" అనినది. ఎత్తిపొడుపు కాదు. ఆమె నిజముగానే మేము కూలి లెక్క వ్రాసి దాచియుంచితి మనుకొనినది. తక్కిన ఆడువారికి తూకము చొప్పున సాయంత్రమునకే చేతిలో పెట్టుచుంటిమి గదా, తన బిడ్డకు మాత్రము మొత్తముగా ఇత్తుమని ఆమె నమ్మకము. మేము మాటలాడలేక లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి యిచ్చితిమి.

ఆ రాత్రి భాగవతము పంచమస్కంధములోని జడభరతుని కథ జ్ఞాపకము వచ్చినది. చిన్ననాడు మా తండ్రిగారు దగ్గర కూర్చుండబెట్టుకొని చదివించిన కథ. లోకమునకు మూఢునివలె కనబడు తమ్ముని చేత అన్నలు పొలము పని చేయించుకొని, నూకలు, తెలికపిండి, ఊక, పురుగు పట్టిన గింజలు, కుండ కంటిన మాడు పెట్టుచుండిరి. అతడు దానినే అమృతమువలె తినెను. ఆ కథ చదివినప్పుడెల్ల మేము అతని జ్ఞానమును గూర్చియే తలపోసితిమి గాని, అన్నలు ఎగవేసిన కూలిని గూర్చి ఒకనాడైనను తలపోయలేదు. మా వీధి పిల్ల బ్రహ్మజ్ఞాని కాదు, కాకున్న నేమి? కూలి జ్ఞానమునకు గాదు, ఒలిచిన బుడ్డలకు.

మాకు తోచిన సమాధానము ఒకటే: ఆమె చేయి నెమ్మది. మరునాడు గాదెగదిలో కూర్చుండి లెక్కచూచితిమి. తక్కినవారు మూడు గంపలు ఒలుచుచో ఆమె ఒకటిన్నర ఒలుచును. సరే. తూకము చొప్పున కూలి యిచ్చునప్పుడు నెమ్మదికి తగ్గుదల ఆ తూకములోనే ఉన్నది. మేము వేరుగా తగ్గించుటకు హక్కెక్కడిది? పైగా ఆమె గంపలో పగిలిన గింజ అరుదు. మా వారు పలక తీసికొని రెండేండ్ల లెక్క కట్టిరి. బడిపంతులు గనుక పైసతో సహా కట్టిరి. 41 దినముల బాకీ తేలినది.

ఇది మా యొక్కరి పొరపాటు మాత్రమే కాదు. 1948 నాటి కనీస వేతనముల చట్టము 26వ ప్రకరణములో, వికలాంగులగు పనివారి కూలికి ఆ చట్టము వర్తింపదని ప్రభుత్వము ఆజ్ఞాపింప వచ్చునని వ్రాసియుండిరి. అమెరికాలో 1938లో చేసిన చట్టమును అట్టి అనుమతి నిచ్చినది. దయ చేయుచున్నామను తలపుతో కూలి కోయుట దేశదేశములకు అలవాటే. పిమ్మట తెలివి వచ్చినది. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొని, సర్కారు కొలువులలో నూటికి 4 వారికి కేటాయించి, అందులో ఒకటి ఆటిజము, మేధోవైకల్యము మొదలగువారికి పంచియిచ్చినది. పనివారిలో నూటికి 5గురిని ఇట్టివారిని పెట్టుకొను ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహము నీయవలెననియు అందులో నున్నది. కేంద్రప్రభుత్వము ఏటేట ఇచ్చు జాతీయ పురస్కారములలో ఉత్తమ యజమానికి ఒకటి కలదు. లెమన్ ట్రీ అను హోటళ్ల సంస్థ అట్టి పురస్కారము పొందినది. మొదట చెవిటివారికి పని యిచ్చి, తరువాత డౌన్ సిండ్రోముగల పిల్లలను భోజనశాలలలో నియమించినది. 2017లో హుబ్బళ్లి కళాశాలలో మొదలైన మిట్టీ కెఫేలో వండువారు, వడ్డించువారు పెక్కుమంది ఇట్టివారే. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆవరణలోనే ఒకటి తెరచిరి.

అవి నగరముల మాట. మన యిండ్లలో, చేలలో పని యిచ్చువారికి పురస్కార మెవ్వరిత్తురు, ఏమి చూచి యిత్తురు? సంఘమువారితో మేము చెప్పినది: అన్నము పెట్టినారా అని గాక, కూలి యెంత, ఎవరి చేతి కిచ్చినారు, పని నేర్పినారా అని అడుగుడని.

నేర్పుట నిజముగా ఒక విద్య. సికిందరాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థలో, పనిని చిన్నచిన్న అంచెలుగా విడదీసి ఒక్కొక్కటే నేర్పుదురు. అది మేము గుడ్డిగా కనుగొంటిమి. "ఒలువు" మన్నచో ఆమె కూర్చుండి చూచును. ఒక కాయ తీసి, బొటనవ్రేలితో నొక్కి చూపి, ఆమె వ్రేలు పట్టి నొక్కించి, గింజ యిటు, పొట్టు అటు అని పదిమారులు చేసి చూపినచో పదునొకండవమారు ఆమె చేయును, పిదప మరువదు. చోటు మార్చరాదు. గంప మార్చరాదు. ఒకమారు తాటియాకు గంప పోయి ప్లాస్టికు బుట్ట పెట్టగా పూటంతయు ఏడ్చినది. మొండితన మని కసరితిమి. ఆ కసరినందుకు పలక మీద లెక్క లేదు.

శాలువ ఎవరికి కప్పిరందురా? బెంగుళూరు రోడ్డు మీద టీ అంగడి పెట్టుకొన్న ఒకాయనకు. ఆయన దగ్గర ఇట్టి కుఱ్ఱవాడొకడు గ్లాసులు కడుగును. తక్కిన పనివాని కెంతయో వానికిని అంతే. నెల మొదట వాని పేరిటి బ్యాంకు ఖాతాలో వేయును. పిలువబోయిన సంఘమువారితో ఆయన, "పని చేసినాడు, కూలిచ్చినాను. దీనికి సన్మానమేమిటి తల్లీ? నేను వస్తే అంగడెవరు చూస్తారు?" అని విసుగుకొనెను. తుదకు వారే అంగడికి పోయి కప్పి వచ్చిరి. కుఱ్ఱవానికి కూడ ఒకటి తీసికొనిపోవలె నని ఎవ్వరికిని తోచలేదు. ఈ యేడు ఆ మాట ముందుగానే చెప్పియుంచితిమి.

బాకీ సొమ్ము ఆ పిల్ల చేతికే యిచ్చితిమి. ఎంచుట రాదు గాని, నోట్లు పెద్దవి చిన్నవి వేరుగా పేర్చుకొనినది. తల్లికి ఇచ్చెదవా యనగా తల యూపి, ఒకటి మాత్రము కొంగున ముడివేసికొనినది. మరల ఒలుపు దినములు వచ్చినవి. తాటియాకు గంప కొత్తది అల్లించి దాని చోటుననే పెట్టితిమి.