గృహారోగ్యము: పెద్దల మరపు



వార్ధక్యమున మరపు సహజమేకదా యని మనవారందురు. తాళపుచెవి యెచట నుంచితిమో మరచుట సహజమే. ఆ తాళపుచెవి యెందులకో మరచుట మాత్రము సహజము కాదు. ఈ రెంటి భేదము తెలియకపోవుటచే ఎన్ని సంసారములలో కలతలు పుట్టుచున్నవో మేము మా వాకాడులోనే చూచుచున్నాము.

మా వీధిలో ఒక పెద్దమ్మగారు గలరు. భోజనము చేసి చేయి కడుగుకొని గడియయైనను గడవకమున్నే అరుగుమీదికి వచ్చి, "నా కోడలు నాకింకను అన్నము పెట్టలేదే తల్లీ" యని దారిని పోవువారితో చెప్పుచుందురు. విన్నవారెల్లరు కోడలిని నిందించిరి. ఆ పిల్ల రెండేండ్లు మూగగా ఏడ్చినది. కడకు నెల్లూరునకు గొనిపోయి తలకు స్కానింగు తీయింపగా, మెదడులోని సన్నని రక్తనాళములు పెక్కు పూడిపోయినవని తేలెను. ఆ యింట మామగారికి నెలనెలయు రక్తపుపోటు కొలిపించుచుండిరి. అత్తగారికి మాత్రము ఒక్కనాడును కొలువలేదట! ఇట్టి యిండ్లు మనలో ఎన్ని లేవు?

మెదడు మన దేహపు బరువులో నూటికి 2 పాళ్లు మాత్రమే. అయినను మనము పీల్చు ప్రాణవాయువులో ఇంచుమించు 20 పాళ్లు అదియే వాడుకొనును. రేపటికని దాచుకొను గాదె దానికి లేదు. ఏ క్షణమునకు కావలసినది ఆ క్షణమున నెత్తురే తెచ్చి యీయవలెను. మెదడులో ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు నెత్తురు హెచ్చుగా పారునని 1890లో రాయ్, షెరింగ్టన్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. స్వర్ణముఖి నీటితో పండు మళ్లలో రైతు ఏ మడికి నీరు చాలకున్న ఆ మడికి మడవ తిప్పును గదా! మెదడులోని సన్నని నాళములును అట్లే అవసరమునుబట్టి విచ్చుకొనును, ముడుచుకొనును. రక్తపుపోటు ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో వాని గోడలు దళసరియై బిరుసెక్కును. ఇక పిలిచినపుడు విచ్చుకొనలేవు. మధుమేహము, పొగాకు ఈ కీడును మరింత పెంచును. మెదడు భాగములను కలుపు నరపు తీగెలు నెత్తురందక మెల్లమెల్లగా నశించును.

ఈ జబ్బున మొదట కనబడునది ఒక్కొక్కప్పుడు మరపే కాదు, మాంద్యము. నలువదేండ్లు చారు కాచిన చేయి, పోపు ముందా చింతపండు ముందా యని పొయ్యికడ నిలిచిపోవును. నడకలో అడుగులు కుదించుకొనిపోవును. కొందరిలో నెలల కొలది నిలుకడగా నుండి, ఒకనాడు హఠాత్తుగా ఒక మెట్టు దిగినట్లు బుద్ధి సన్నగిల్లును.

మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి ఇట్టి బుద్ధిమాంద్యవ్యాధులు గలవని 2023లో వెలువడిన పరిశోధన తెలిపినది. స్త్రీలలో అది 9, పురుషులలో 5.8. కావున నలువది దాటిన ప్రతి గృహిణియు పోటు కొలిపించుకొనవలెను. వైద్యుడిచ్చిన మాత్రలను, ఒంట్లో బాగున్నదిగదా యని మానరాదు. ఈ పోటు తలనొప్పియైనను లేకుండ తన పని తాను చేసికొనిపోవును.

ఉప్పు సంగతి మన తీరమున చెప్పక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు దినమునకు 5 గ్రాములు, అనగా చిన్నచెంచాడు, మించరాదనిరి. కూరలోని ఉప్పునకు తోడు ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడము, కొందరి యిండ్లలో ఎండుచేపలు! లెక్కవేసి చూడుడు. ఉప్పు చాలలేదని కంచము తోసివేయు మగవారికి ఏమి చెప్పవలెనో మాకంటె మీకే బాగుగ తెలియును.

మన తెలుగునాటనే జరిగిన పరిశోధన యొకటి మాకు మిక్కిలి సంతోషము కలిగించినది. హైదరాబాదు నిమ్సు వైద్యశాలయందు సువర్ణ అల్లాడిగారును వారి సహచరులును మెదడులో నాళము పూడి పక్షవాతము వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రకటించిరి. రెండు భాషలు మాటలాడువారిలో నూటికి 40 మందికి బుద్ధి చెక్కుచెదరలేదు. ఒకే భాష వచ్చినవారిలో 20 మందికి మాత్రమే. మాట పడిపోవుటలో మాత్రము భేదము కానరాలేదు. అరవసీమ సరిహద్దున నుండి రెండు భాషలును కలిపి మాటలాడుదురని మనలను ఎగతాళి చేయువారు దీనిని వినవలెను.

ఇంటనున్న పెద్దలు అన్నము తినలేదనినచో వాదింపకుడు. గిన్నెలో కొంచెము మజ్జిగన్నమో అటుకులో పెట్టుడు. జబ్బు సంగతి ఇరుగుపొరుగువారికి ముందే చెప్పియుంచుడు. మూతి వంకరపోయినను, చేయి వాలిపోయినను, మాట ముద్దగా వచ్చినను తెల్లవారనిమ్మని కూర్చుండక వెంటనే 108కి ఫోను చేయుడు. నెత్తుటిగడ్డను కరగించు మందు సాధారణముగ నాలుగున్నర గంటలలోపలనే ఈయవలెను. మన వాకాడునుండి నెల్లూరు చేరుటకే గంటకు పైగా పట్టును.