ఆపా అడిగిన సవాల్

మిర్యాలగూడ నుంచి ఒక ఆపా ఫోన్ చేసింది. మా అమ్మీ తరఫున దూరపు రిష్తా. షాదీలల్ల, ఈద్‌లకు తప్ప మాట్లాడుకునే అలవాటు లేదు. సలామ్ దువా అయినంక చాలాసేపు ఆ ముచ్చట ఈ ముచ్చట చెప్పి, పెట్టేసే ముందు అసల్ బాత్ బయటపెట్టింది. కొడుకు బీటెక్ మూడో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. హాస్టల్ నుంచి ఇంటికొచ్చి, "అమ్మీ, నేను లడ్కా కాదు, లోపల్నుంచి లడ్కీని" అన్నడంట. వాళ్ల అబ్బా చెయ్యి చేసుకున్నడు. బిడ్డ మల్ల హాస్టల్‌కు పోయింది. ఇంట్ల ఎవరూ సరిగ్గ తింటలేరు.

"భయ్యా, నువ్వు కంపెనీల పెద్ద నౌకరీ చేస్తున్నవ్ గదా. చదువు బంద్ చేయించి నీ దగ్గరికి తోలిస్త. ఏదన్న పన్ల పెట్టు. పన్ల పడితే దిమాగ్ సీదా అయితది" అన్నది.

ఆలోచించి చెప్త ఆపా అన్న. ఆ రాత్రి నిద్ర పట్టలే. పట్టకపోవడానికి వజా ఆ బిడ్డ కాదు, ఎప్పుడో నేను చేసిన ఒక పని.

నేను నల్లగొండల ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌ల ఫాక్స్‌ప్రో, కోబాల్ నేర్చుకున్నోణ్ని. వైటూకే పుణ్యమా అని హైదరాబాద్‌ల నౌకరీ దొరికింది. 2007ల నేనొక ఇంటర్వ్యూ ప్యానెల్‌ల కూసున్న. సర్టిఫికెట్ల మీద మొగ పేరు. వచ్చిన మనిషి సాదా సల్వార్ కమీజ్ వేసుకొని, దుపట్టా సర్దుకుంట కూసుంది. ఒక టేబుల్‌ల డూప్లికేట్ రికార్డులు తీసేసే క్వెరీ రాయమన్న. ఆమె బోర్డు మీద రాసిన జవాబ్ నేను మనసుల అనుకున్న దానికన్న చిన్నగ, సాఫ్‌గ ఉంది. ఆ రోజు వచ్చిన పన్నెండు మందిల ఆమే అందరికన్న బెహతర్. అయినా ఫామ్ మీద "కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ" అని రాసిన. అబద్ధం. క్లయింట్ వస్తే ఏమనుకుంటడు, టీమ్‌ల పిల్లలు నవ్వుతరేమో, ఏ బాత్రూమ్‌కు పంపాలె అన్నదే నా ఫికర్. నన్ను ఎవ్వరూ జవాబ్ అడగలే. నాలుగు ఇంగ్లీషు మాటలతోటి ఒక మనిషి రోజీ కొట్టేసి, పోయి బిర్యానీ తిన్న.

లిన్ కాన్వే అనే ఆమె కథ నాకు అప్పటికి తెల్వదు. తెలిసుంటే మారుతుంటినా అంటే, చెప్పలేను.

కాన్వే అమెరికాల 1938ల లడ్కాగ పుట్టింది. కొలంబియా యూనివర్సిటీల చదివి 1964ల ఐబీఎంల చేరింది. అక్కడ ఆమె కనిపెట్టిన హునర్ ఏందంటే: దావత్‌ల బావర్చీ ఏం జేస్తడు? ఎసరు మరిగేదాక చేతులు కట్టుకొని నిలబడడు, ఈలోపల ప్యాజ్ కోసుకుంటడు, గోష్‌కు మసాలా పట్టిస్తడు. కంప్యూటర్ గూడ అంతే, ఒక హుకుమ్‌కు కావల్సిన డేటా ఇంక రాకపోతే దాన్ని పక్కకు పెట్టి, తయారుగ ఉన్న తర్వాతి హుకుమ్ చెయ్యాలె. ఈ రోజు ల్యాప్‌టాప్‌లల్ల ఉండే ప్రాసెసర్లు దాదాపుగ ఇదే తరీకా మీద నడుస్తయ్. ఆ పని చేసిన మనిషి తాను ఔరత్‌గ మారుతున్నా అని చెప్తే 1968ల కంపెనీ తీసేసింది. భార్యాపిల్లలు దూరమైన్రు. ఆమె కొత్త పేరుతోటి, కిందికెల్లి, కాంట్రాక్ట్ ప్రోగ్రామర్‌గ మొదలువెట్టింది. 1973ల జిరాక్స్ వాళ్ల రీసెర్చ్ సెంటర్‌ల చేరింది. 1980ల కార్వర్ మీడ్‌తోటి కలిసి చిప్‌ల డిజైన్ మీద రాసిన కితాబ్ చదివే ఒక తరం ఇంజనీర్లు తయారైన్రు. పాత సంగతి బయటికి చెప్పుకోవడానికి ఆమెకు ముప్పై ఏండ్లు పట్టింది. ఐబీఎం మాఫీ అడిగింది 2020ల, అంటే 52 ఏండ్లకు. 2024 జూన్ 9న ఆమె ఇంతెఖాల్ అయ్యింది.

ఇంకొకామె ఉంది, సోఫీ విల్సన్. ఈమె గూడ ట్రాన్స్ మహిళనే. ఇంగ్లండ్‌ల బీబీసీ మైక్రో అనే కంప్యూటర్‌కు బేసిక్ లాంగ్వేజ్ రాసింది. 1984ల మన సర్కార్ క్లాస్ ప్రాజెక్ట్ పేరు మీద బడులకు ఇచ్చిన కంప్యూటర్లు అవే. 1985ల వచ్చిన మొట్టమొదటి ఆర్మ్ చిప్‌కు ఇన్‌స్ట్రక్షన్ సెట్ తయారు చేసింది గూడ ఆమెనే. ఆపా నాకు ఫోన్ చేసింది ఆ ఖాందాన్ చిప్ ఉన్న మొబైల్ నుంచే. "పన్ల పడితే సీదా అయితడు" అన్న మాట ఆ చిప్ మీదికెల్లే నా చెవుల పడ్డది.

ఇది చెప్పి తాలియాఁ కొట్టించుకోవాలని కాదు. కాన్వే నౌకరీ పోగొట్టుకుంది గానీ తాలీమ్ పోగొట్టుకోలే. చేతిల డిగ్రీ, దిమాగ్‌ల హునర్ ఉన్నయ్ కాబట్టి మల్ల నిలబడ్డది. మన దగ్గర బిడ్డల తాలీమే ముందు పోతది. దేవరకొండల, అచ్చంపేటల, నారాయణపేటల పదిహేను పదహారేండ్లకే మారుపడి హైదరాబాద్ బస్సెక్కిన పిల్లల దగ్గర టెన్త్ మెమో గూడ ఉండది. తర్వాత సిగ్నల్ కాడ వాళ్లను చూసి అద్దం ఎక్కించుకుంటం. వాళ్లకు చత్ ఇచ్చింది గురువుల ఇండ్లే. ఇంకో మాట, హైదరాబాద్‌ల హిజ్రాల ఇండ్లల్ల ఏ మజహబ్‌ల పుట్టినోళ్లైనా ముసల్మాన్ తరీకాల బతికే రివాజ్ ఉన్నది. హజ్‌కు పోయొచ్చిన పెద్దలు గూడ ఉన్నరు. మనం "తౌబా తౌబా" అనే మనుషులు మనకన్న ఎక్కువ సార్లు కలిమా చదువుతుండొచ్చు.

కానూన్ సంగతి చెప్తే మనోళ్లకు కొంచెం చేదుగ ఉంటది. నిజాం అంటే మనకు ఫఖర్. మన జిల్లాకు మహబూబ్‌నగర్ అన్న పేరే ఆరో నిజాంది. గానీ ఏడో నిజాం జమానాల, 1329 ఫస్లీల, అంటే 1919ల, హిజ్రాల మీద ఒక కానూన్ వచ్చింది. అంగ్రేజోళ్ల 1871 కానూన్ చూసి రాసుకున్నదే. పోలీసులు వాళ్ల పేర్ల రిజిస్టర్ పెట్టాలె. ఆడబట్టలు, నగలు వేసుకొని రోడ్డు మీద కనిపించినా, ఆడినా పాడినా వారంట్ లేకుంటనే పట్టుకోవచ్చు. నల్లగొండ, పాలమూరు రెండూ ఆ హద్దుల ఉన్నవే. నిజాం పోయిండు, హైదరాబాద్ స్టేట్ పోయింది, తెలంగాణ వచ్చింది, ఆ కానూన్ మాత్రం ఉండె. వైజయంతి వసంత మొగ్లి అదాలత్‌కు పోతే, 2023 జులైల తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నేనిన్నేండ్లు డేటాబేస్‌లల్ల జెండర్ కాలమ్ రాసిన, ఒక్క అక్షరం జాగా, "ఎమ్" లేదంటే "ఎఫ్". మన ముల్క్‌ల ఈ మూడో ఖానాను ఒకప్పుడు ఠాణా రిజిస్టర్‌ల రాసిన్రని తెలిసినంక ఆ ఒక్క అక్షరం వేరేగ కనబడ్డది.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేస్‌ల ఫైసలా ఇచ్చినంక మాకు గూడ ఆ కాలమ్ మార్చే పని వచ్చింది. స్క్రీన్ మీద మార్చడానికి పూటనే పట్టింది. దాని వెనక ఉన్న రిపోర్టులు, "మిస్టర్, మిస్" అని మొదలయ్యే ఉత్తరాలు, ఇన్సూరెన్స్ ఫైళ్లు సరిచెయ్యడానికి నెలలు పట్టింది. 2011 జనగణనల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 43,769 మంది మగ, ఆడ కాకుండ ఇతరుల ఖానాల పడ్డరు. మా సిస్టమ్‌ల ఎంతమంది అని తర్వాత నేనే క్వెరీ కొట్టి చూసిన. జీరో.

ఇప్పుడు కంపెనీలు జూన్ నెలల లోగోలకు రంగులు వేసుకుంటయ్. కొన్ని నిజంగనే మంచి పాలసీలు పెట్టినయ్, కాదనను. గానీ నౌకరీ ఇచ్చేకాడ నాలాంటోడే పెన్ను పట్టుకొని కూసుంటడు. 2022 చివర్ల ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ ఉస్మానియా హాస్పిటల్‌ల డాక్టర్లుగ చేరిన్రు. 2024 డిసెంబర్‌ల 39 మందిని సర్కార్ హైదరాబాద్ ట్రాఫిక్ అసిస్టెంట్లుగ తీసుకుంది. మంచిదే, షుక్రియా. గానీ సిగ్నల్ కాడ అడుక్కున్నోళ్లకు సిగ్నల్ కాడనే నౌకరీ ఇచ్చుడు కొంచెం గుచ్చుతది.

దీన్ ఏమంటదని ఆపా అడిగింది. నేను ఆలిమ్‌ను కాదు. చదివినంత చెప్పిన. హనఫీ ఫిఖ్ కితాబులల్ల ఖున్సా అని వేరే బాబ్ ఉన్నది. వాళ్ల విరాసత్ ఎట్ల, నమాజ్‌ల సఫ్ ఎక్కడ అని మన పెద్దలు కూసొని ఆలోచించిన్రు. అది జిస్మ్‌ల తేడాతోటి పుట్టినోళ్ల మసలా, ఈ బిడ్డది వేరే, రెండూ ఒకటే అని నేను అనను. చాలామంది ఉలమా మార్పును ఒప్పుకోరు, అది గూడ దాచను. అయితే పుట్టుకతోని మిజాజ్ అట్ల ఉన్నోళ్లు వేరు, కావాలని నకల్ చేసేటోళ్లు వేరు, మొదటోళ్ల మీద గునాహ్ లేదు అని ఇమామ్ నవవీ విడదీసి చెప్పిండు. కన్న ఔలాద్‌ను కొట్టి దర్వాజా మూసుమని మాత్రం ఏ కితాబ్‌ల నాకు కనబడలే.

ఆపా ఇంకో మాట చెప్పింది, అదేందో ఆమెకు సమజ్ కాలే. ఇంట్ల పుట్టినప్పటి నుంచి ఉర్దూల మాట్లాడిన బిడ్డ, ఏడాది నుంచి అమ్మీతోటి తెలుగులనే మాట్లాడుతుందంట. "హాస్టల్ అలవాటేమో భయ్యా" అన్నది. నాకు గుండెల కలుక్కుమన్నది. ఉర్దూల "మైఁ ఆయా" అనాలె, లేదంటే "మైఁ ఆయీ" అనాలె. నోరు తెరిస్తె దొరికిపోతం. తెలుగుల "నేనొచ్చిన" అంటే చాలు, లడ్కానో లడ్కీనో మాట చెప్పది. అమ్మీకి ఝూట్ చెప్పలేక, సచ్ చెప్పలేక, ఆ బిడ్డ ఏడాది అంత జుబాన్ మార్చుకొని బతికింది.

తెల్లారి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పిన. ఆపా చాలాసేపు ఏం మాట్లాడలే. చదువు బంద్ చేయించొద్దు, నా దగ్గరికి ఇలాజ్ కోసం తోలొద్దు, డిగ్రీ చేతికొచ్చినంక నౌకరీ కోసం తోలు అన్న. బుద్ధి మారుస్తమనే డాక్టర్ల దగ్గరికి పోవద్దన్న, అట్ల చేసుడు డాక్టర్లకు తప్పని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లనే చెప్పింది. ముందుముందు పేరు మార్చుకోవాలంటే 2019 కానూన్ కింద కలెక్టర్ సర్టిఫికెట్ ఇస్తడు, గానీ దానికి తొందర లేదు, మెమోలు, ఆధార్ మాత్రం గుస్సాల ఎవ్వరూ చింపకుండ బీరువాల పెట్టుమన్న. దర్గాకు తీస్కపోతమంటున్నరు అన్నది. పోండ్రి, మన్నత్ మొక్కుకోండ్రి, బిడ్డను కట్టేసి మాత్రం తీస్కపోవద్దన్న.

నికాహ్ గురించి అడిగింది, ఖాందాన్‌ల చిన్న బిడ్డకు రిష్తాలు వస్తయా అని. ఈద్ నమాజ్‌కు ఏ సఫ్‌ల నిలబడాలె అని అడిగింది. వీటికి నా దగ్గర జవాబ్ లేదు, లేదనే చెప్పిన.

పోయిన జుమేరాత్ మల్ల ఫోన్ వచ్చింది. వాళ్ల అబ్బా ఇంకా మాట్లాడుతలేడు, అయితే సెమిస్టర్ ఫీజు కట్టిండంట. బిడ్డకు ఆపానే ఫోన్ చేసిందంట. "కబ్ ఆతా" అని ఎప్పటి లెక్క అడగబోయి ఆగిందంట. "కబ్ ఆతీ" అనడానికి నోరు రాలేదంట. మన దక్కనీల పెద్దోళ్లను, ఇష్టమైనోళ్లను, మొగోళ్లను ఆడోళ్లను గూడ అడిగే మాట ఒకటుంది గదా, అదే అన్నదంట: "కబ్ ఆతే, బేటా?"